పేరా నుండి వ్యాసమునకు

వ్యాసమను మాటను మన విద్యార్థులు రెండు గదులలో విందురు. గణితపు గదిలో వృత్తమునకు అడ్డముగా, కేంద్రము మీదుగా పోవు గీత వ్యాసము. తెలుగు గదిలో ఒక విషయమును గూర్చి వ్రాసిన గద్యము వ్యాసము. మూలమైన సంస్కృత పదమునకు విడదీయుట, విప్పి పఱచుట అని అర్థము. దీనికి ఎదురు మాట సమాసము. అది పెక్కు పదములను దగ్గఱకు చేర్చి ముడివేయును. వేదములను విభజించినవాడగుటచేతనే కృష్ణద్వైపాయనునకు వ్యాసుడను పేరు కలిగెనని పెద్దలు చెప్పుదురు. కావున వ్యాసము వ్రాయుట యనగా మనస్సులో ముద్దగా నున్న తలంపును విప్పి చదువరి యెదుట పఱచుటయే. కళ్ళములో ధాన్యము రాశిగా నున్నంత వఱకు అందు గింజ యెంతయో తాలు ఎంతయో ఎవరికిని తెలియదు, తూర్పాఱబట్టినప్పుడే తెలియును. వ్రాయనంత వఱకు మన తలంపులును అట్టివే.

ప్రతి సంవత్సరము దెందులూరు నుండియు, చుట్టుపట్ల గ్రామముల నుండియు, కొల్లేటి లంకల నుండియు పిల్లలు పదవ తరగతి ముగించి ఏలూరునకో తాడేపల్లిగూడెమునకో కాలేజీ చదువులకు పోవుచున్నారు. ఏలూరిలో సర్ సి. ఆర్. రెడ్డి కళాశాల 1945లో వెలసినది గనుక ఈ ప్రాంతమునకు పై చదువు చేరువయై చాల కాలమయినది. అయినను ఒక యిబ్బంది మాత్రము తీఱలేదు. కాలేజీలో చేరిన మొదటి నెలలలోనే అధ్యాపకుడు నల్లబల్ల మీద ఒక విషయము వ్రాసి, "దీనిపై మీ అభిప్రాయమును రెండు పుటలలో వ్రాయుడు" అనును. బడిలో తెలుగున మంచి మార్కులు తెచ్చుకొన్నవారును అప్పుడు కలము పట్టుకొని కిటికీ వైపు చూతురు. సెలవులకు వచ్చినప్పుడు వారు చెప్పు మాట తఱచుగా ఒక్కటే: "మాస్టారూ, ఆ వ్యాసం గైడులో లేదండీ."

ఆ బాలునికి వ్యాసము వ్రాయుట రాదని అనరాదు. వాడెన్నడును వ్రాసి యెఱుగడు. ఐదేండ్లు వాడు చేసినదెల్ల ఒకరు వ్రాసినదానిని కంఠస్థము చేసి మరల కాగితము మీద దించుట. పద్యమును కంఠస్థము చేయుట మంచిది; అది జీవితాంతము తోడు వచ్చును. వ్యాసమును కంఠస్థము చేయుట మాత్రము ఇంకొకని చెమటను మన నుదుట పూసికొనుట వంటిది. ఈ దినములలో గైడు కూడ అక్కఱలేదు. ఫోనును అడిగిన నిమిషములో నాలుగు పుటలు తప్పులు లేకుండ వచ్చును. ఆ నాలుగు పుటలలో మీ ఊరుండదు, మీ యిల్లుండదు, మీరు ఉండరు. కాలేజీలో అడుగునది మిమ్ములను గదా!

ఇక పని లోనికి పోవుదము. "కొల్లేరు" అను విషయమిచ్చినప్పుడు సాధారణముగా వచ్చు పేరా ఇట్లుండును: "ప్రకృతి మానవునికి తల్లి వంటిది. కొల్లేరు మంచినీటి సరస్సు. ఇచ్చటికి అనేక పక్షులు వచ్చును. నీరు ప్రాణాధారము. ఇందు చేపలు దొరకును. పూర్వము రాజులు పాలించిరి. మనమందఱము ప్రకృతిని కాపాడుకొనవలెను." ఇందు వ్యాకరణదోషము లేదు. ప్రతి వాక్యమును నిజమే. అయినను ఇది పేరా కాదు. సంతలో ఒకరినొకరు ఎఱుగక ప్రక్కప్రక్కన నిలుచున్న ఏడుగురు మనుష్యులు. మూడవ వాక్యమును ఆరవదానికి ముందుంచినను, వెనుక ఉంచినను, తీసివేసినను ఎవరికిని నష్టము లేదు. ఇదియే పరీక్ష. ఏ పేరాలో వాక్యములను అటునిటు మార్చినను తేడా కనబడదో, అది ఇంకను పేరా కాలేదు.

ఇప్పుడు కొల్లేటిని గూర్చి తెలిసిన నూఱు సంగతులలో తొంబదితొమ్మిదింటిని ప్రక్కకు పెట్టి, ఒక్కదానిని పట్టుకొందము. లంకలలో పుట్టిన పిల్లవానిని, "మీ ఊరు ఏటేట ఎందుకు మునుగును?" అని అడిగిన వాడు గైడు వెదకడు, చేతులు త్రిప్పుచు గడగడ చెప్పును. ఆ చెప్పినదానిని కుదురుగా వ్రాసిన ఇట్లుండును:

"కొల్లేటికి నీరు వచ్చు దారులు పెక్కు; పోవు దారి ఒక్కటే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వానితోపాటు డెల్టా పొలముల మురుగుకాలువలు ఎన్నియో ఇందు పడుచున్నవి. ఇంత నీరును సుమారు 60 కిలోమీటర్ల పొడవుగల ఉప్పుటేరు మీదుగానే సముద్రము చేరవలెను. ఆ ఏరు వంకరలు తిరిగినది, దాని వాలు స్వల్పము. సముద్రము పోటు మీద నున్నప్పుడు నీరు ముందుకు సాగదు. కావున మెట్ట ప్రాంతమున పెద్ద వాన కురిసినచో, మా ఊరిలో చినుకు పడకున్నను మా వీధిలోనికి నీరు వచ్చును. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేటి నీటికిని దారి ఇదియే."

పక్షులను గూర్చి ఇందొక్క మాటయు లేదు. వ్రాసినవాడు గూడబాతులను చూడనివాడు కాడు. వానికి ఇది చోటు కాదని యెఱిగినవాడు. మొదటి వాక్యము ఒక మాట యిచ్చినది. రెండవది అందు సగము తీర్చినది, మూడవది మిగిలిన సగము. నాల్గవదియు ఐదవదియు ఏలయన్న ప్రశ్నకు బదులు చెప్పినవి. ఆరవది దాని ఫలమును ఇంటి గడప వఱకు తెచ్చినది. వీనిలో దేనిని కదల్చినను గోడ కూలును. "మా వీధిలోనికి" అను రెండు మాటలను చూడుడు. అవి ఏ గైడులోను దొరకవు.

పేరా యను మాట గ్రీకు భాష నుండి ఇంగ్లీషు మీదుగా మనకు వచ్చినది. పూర్వము గ్రీకులు మాఱుచోటు తెలియుటకై వరుస ప్రక్కన చిన్న గీత గీయుచుండిరి. 'ప్రక్కన వ్రాసినది' అనియే దాని అర్థము. మన తాళపత్రములలో పేరాలు లేవు. మాటకు మాటకు నడుమ ఎడము కూడ లేక ఆకు నిండ సాగుచుండెను. పేరా విఱిచి వ్రాయు వాడుక అచ్చుతో, బడి పుస్తకములతో మనయందు స్థిరపడినది. కావున విద్యార్థులకు ఇది వెంటనే పట్టుబడకున్న ఆశ్చర్యము లేదు. మా తరగతిలో కొందఱు పుటకు నాలుగు వరుసలు కాగానే కంటికి ఇంపుగా నుండునని క్రొత్త పేరా మొదలిడుదురు! తలంపు మాఱినప్పుడు పేరా మాఱవలెను గాని చేయి నొచ్చినప్పుడు గాదు.

మొదటి వాక్యమే పేరా విషయమును సూచింపవలెనను నియమమును స్కాట్లండు దేశపు ఆబర్డీనులో బోధించిన అలెగ్జాండరు బెయిను అను పండితుడు 1866లో తన రచనాపాఠ గ్రంథమున ఉంచెను. దానిని మూలవాక్యమందము. నేటికిని కాలేజీలలో అదే నేర్పుదురు. అయితే 1974లో రిచర్డు బ్రాడక్ అను అమెరికా అధ్యాపకుడు పేరుపొందిన పత్రికలలోని వ్యాసములను పరిశీలించి, మూలవాక్యముతో మొదలగు పేరాలు నూటికి సుమారు 13 మాత్రమే అని చూపెను. అనగా చేయి తిరిగినవారు ఈ నియమమును అంతగా పాటించుట లేదు. మరి మనము నేర్చుకొనుట దేనికని అడుగవచ్చును. ఈత వచ్చినవాడు బెండు కట్టుకొనడు, నేర్చుకొనువాడు కట్టుకొనవలెను. మనకు ఇంకొక కారణమును కలదు. తెలుగు వాక్యమున క్రియ కొనకు వచ్చును. ఆ యలవాటుచేత మన పిల్లలు పేరాలోను అసలు మాటను కొనకే దాచుదురు. కథకు అది అందము. వాదమునకు మాత్రము, చదువరి తాను ఎచ్చటికి పోవుచున్నాడో తెలియక మధ్యలోనే దిగిపోవు భయము కలదు.

పెక్కు పేరాలు ఒక ప్రశ్న వెంట నడచిన వ్యాసమగును. తెలుగున ఈ ప్రక్రియకు మొదట పేరే కుదురలేదు. సామినేని ముద్దునరసింహము నాయుడుగారి హితసూచని 1862లో అచ్చయినది. అందలి వ్యాసములను ఆయన ప్రమేయములనెను. వీరేశలింగము పంతులుగారు ఉపన్యాసములనిరి. తరువాత పానుగంటివారి సాక్షి వచ్చినది. అది ఇంగ్లండున 1711లో వెలువడిన స్పెక్టేటరు పత్రిక పోకడను అనుసరించినది; చదువుటకు అమృతము, అనుకరింపబోయినవానికి సుడిగుండము. పదునాఱేండ్ల వయస్సున దానిని చదివి నవ్వుకొనుడు. ఆ ధోరణిని వ్రాతలో దింపబోకుడు. ఏలూరు కళాశాల ఎవరి పేరు దాల్చినదో ఆ కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో కవిత్వతత్త్వ విచారమును ప్రకటించి, కళాపూర్ణోదయము మొదలగు కావ్యములను పరీక్షించిరి. మెచ్చుకొనుటకును తప్పుపట్టుటకును కారణము చూపి వాదించు తీరును కాలేజీ విద్యార్థి అందు చూడవచ్చును.

ఏ తెలుగులో వ్రాయవలెనను ప్రశ్న యొకటి మిగిలినది. దీని కొఱకు మన దేశమున పెద్ద కలహమే జరిగినది. మద్రాసు విశ్వవిద్యాలయపు ఇంటర్మీడియటు విద్యార్థులు దేశభాషా రచనను గ్రాంథికముననే చేయవలెనా, శిష్టుల వాడుకమాటలలో చేయవచ్చునా యన్న చర్చ 1911 నుండి 1914 వఱకు సాగెను. గిడుగు రామమూర్తి పంతులుగారు, గురజాడ అప్పారావుగారు ఒక వైపు. జయంతి రామయ్య పంతులుగారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తువారు ఇంకొక వైపు. అప్పారావుగారు 1914లో వ్రాసిన అసమ్మతి పత్రము ఈ వివాదమునందే పుట్టినది. నాడు గ్రాంథికపక్షమే నెగ్గెను. విద్యార్థి వ్రాయు రెండు పుటల కొఱకు ఇంత పోరాటమా యని నవ్వకుడు. ఆ రెండు పుటలలో ఎవరి నోటి మాటకు చోటు కలదు, ఎవరి నోటి మాటకు లేదు అన్నదే ప్రశ్న.

రామమూర్తి పంతులుగారి వాదములలో ఉపాధ్యాయులకు మిక్కిలి పనికివచ్చునది యొకటి కలదు. గ్రాంథికముననే వ్రాయవలెనని శాసించు పండితులే దానిని తప్పులు లేక వ్రాయలేకున్నారని, వారి పుస్తకముల నుండియే ఉదాహరణములు తీసి ఆయన చూపిరి. పెద్దలకే కుదురని భాషను బాలునిపై మోపిన, వాని చూపంతయు తప్పు పడకుండుటపై నుండును గాని చెప్పదలచినదానిపై నుండదు. ఈ సంచికలో మేము పెద్దలము పాత వాడుక చొప్పున వ్రాయుచున్నాము. మీరు నన్ను అనుకరింపనక్కఱలేదు. నేటి పరీక్షలకును కాలేజీలకును శిష్టవ్యావహారికము చాలును. "వచ్చాడు" అని వ్రాసి సంగతి చెప్పినవాడు, "వచ్చియుండెను" అని వ్రాసి ఏమియు చెప్పనివానికంటె మేలు.

ఇప్పుడు కఠినమైన చోటికి వచ్చితిమి. ఏలిక లేని నీటికి దారి చెప్పుట సులువు. మనుష్యులు తగవులాడు విషయమున అభిప్రాయము వ్రాయుట సులువు కాదు. కొల్లేటినే మరల తీసికొనుడు. 1999లో సముద్రమట్టమునకు ఐదు అడుగుల ఎత్తున నున్న కాంటూరు వఱకు, 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో రాంసారు ఒడంబడిక క్రింద దీనికి అంతర్జాతీయ గుర్తింపు కలిగెను. 2006లో ప్రభుత్వమువారు సరస్సులోని చేపలచెఱువుల గట్లు తెగగొట్టించిరి. హద్దును మూడవ కాంటూరునకు కుదింపవలెనని 2008లో శాసనసభ తీర్మానించెను. కుదింపరాదని పర్యావరణమును చదివినవారు వాదించుచున్నారు. ఇవి సంగతులు. వీనిపై "మనమందఱము ప్రకృతిని కాపాడుకొనవలెను" అని వ్రాసిన ఎవరికిని కోపము రాదు, మార్కులును వచ్చును. కాని ఆ వాక్యము వ్రాసిన బాలుని తండ్రి చెఱువు 2006లో తెగినదేమో! ఆ యేడు ఇంటిలో అప్పు ఎట్లు తీర్చిరో, అన్న ఏ ఊరు కూలికి పోయెనో వాడు తల్లి నోట విని యుండును. అదంతయు మింగి, ఎవరిదో వాక్యమును వ్రాయును. వాని ప్రక్కనే కూర్చున్న బాలిక యిల్లు సరస్సు అంచున నుండును. గట్లు పెరిగిన కొలది తమ వీధిలో నీరు ఎక్కువ నాళ్ళు నిలుచుచున్నదని ఆమె తాత చెప్పుచుండును. ఆమెయును అదే వాక్యమును వ్రాయును. ఇద్దఱును చెప్పవలసినది చెప్పలేదు. ఒకరిదొకరు వినను లేదు.

ఇట్టి విషయమునకు నేను తరగతిలో ఈ పద్ధతి పెట్టుచున్నాను. మొదట, మీరు ఒప్పుకొనని పక్షమును గూర్చి ఒక పేరా వ్రాయుడు. ఆ పక్షమువాడు చదివి, "అవును, నా మాట యిదే" అనునట్లుండవలెను. దానిని వెక్కిరింపుతో వ్రాసినచో కొట్టివేసి మరల వ్రాయించెదను. పిమ్మట మీ పక్షము వ్రాయుడు. అటుపిమ్మట రెంటిలోను ఏవి సంగతులో, ఏవి అభిప్రాయములో గీత గీసి చూపుడు. 308 చదరపు కిలోమీటర్లన్నది సంగతి. దానిని ఎవరైనను సరిచూడవచ్చును. "అన్యాయము" అన్నది అభిప్రాయము. దాని క్రింద కారణముండవలెను. చేపలచెఱువువాని కొడుకు పక్షుల పక్షమున నిజాయితీగా ఒక పేరా వ్రాసిన దినమున తరగతి యెంత నిశ్శబ్దమగునో చూచినవారికే తెలియును. వాడు చివరకు తన మాట మార్చుకొనవచ్చును, మార్చుకొనకపోవచ్చును. అది నా పని కాదు.

వాక్యములను కలుపుటలో ఒక రోగము కలదు: "మఱియు". దీనితో రెండు వాక్యములను కట్టినచో వాని బంధుత్వమేమో చెప్పినట్లు కాదు. కావున అన్న కారణము, అయినను అన్న వైరుధ్యము, ఏలననగా అన్న వివరణము తెలియును. "మఱియు" కనబడిన చోటనెల్ల ఆగి, వీనిలో ఏది పట్టునో చూడుడు. ఏదియు పట్టకున్న ఆ రెండు వాక్యములును ఒక పేరాలో ఉండదగినవి కావు.

ఇంగ్లీషు వ్యాసమును గూర్చి కాలేజీకి పోవువారికి భయము మెండు. భాష వేఱు, పని ఒక్కటే. ప్రణాళికను తెలుగుననే వ్రాసికొనుడు. పేరాకొక మూలవాక్యము తెలుగున పెట్టుకొనుడు. ఆపై ఇంగ్లీషున వ్రాయుడు గాని వాక్యమునకు వాక్యము తర్జుమా చేయకుడు. "నిన్న వచ్చిన మా మామయ్య తెచ్చిన మామిడిపండ్లు తిన్న తమ్మునికి జ్వరము వచ్చెను" అని తెలుగున ఒక్క ఊపున అనవచ్చును. ఇంగ్లీషున దీనిని మూడు ముక్కలు చేయనిదే నడువదు. నిజమునకు తెలుగునను రెండు చేసిన చెడిపోదు.

వ్రాసినదానిని ఒక రాత్రి ప్రక్కకు పెట్టి, మఱునాడు బిగ్గరగా చదువుడు. ఊపిరి ఆడని చోట వాక్యము పొడవయినది. మీకే విసుగు పుట్టిన చోట చెప్పినదే చెప్పితిరి. కొట్టివేతలు లేని చిత్తుప్రతిని నేను నమ్మను.

తల్లిదండ్రులకు ఒక మనవి. చదువు రానివారు పిల్లల వ్రాతకు తోడ్పడలేరని అనుకొనకుడు. రాత్రి అన్నము వేళ, "ఇవాళ ఏమి చూచినావురా? అయితే ఏమయినది? ఎందుకట్లు?" అని మూడు ప్రశ్నలు అడుగుడు. పిల్లవాడు చెప్పు బదులే పేరా. పొలము బేరము గాని, కాలువ నీటి వంతు గాని ఇంటిలో మాటలాడుకొనునప్పుడు వానిని బయటకు పొమ్మనకుడు. కారణమును కారణముతో ఎదుర్కొనుట వాడు ముందుగా వినునది అచ్చటనే.

వేసవి సెలవులకు తొమ్మిది, పది తరగతులవారికి ఒక పని యిచ్చుచున్నాను. మీ ఊరిలో ఇద్దఱు పెద్దలు ఒప్పుకొనని విషయమును ఒకదానిని ఎన్నుకొనుడు. చెఱువు లోతు కావచ్చును, బడి దారి కావచ్చును, వరిసాగా చేపలసాగా యన్నది కావచ్చును. ఇద్దఱి యొద్దకును పోయి, కూర్చుండి వినుడు. ఒక్కొక్కరి మాటకు ఒక్క పేరా, మీ మాటకు ఒక్క పేరా, మొత్తము మూడే. పేరాకు పది వాక్యములు మించరాదు. చిత్తుప్రతిని కూడ జతచేసి, బడి తెఱచిన మొదటి వారములో నాకందఱును అందజేయుడు. పెద్దల పేర్లు వ్రాయకుడు. వారు చెప్పిన కారణములు మాత్రము ఒక్కటియు వదలకుడు.